తులసిదళం: పాఠకాభిప్రాయాలూ వివాదమూ

యండమూరి వీరేంద్రనాథ్ రాసిన 'తులసిదళం' 1980ల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. పుస్తకంగా వెలువడ్డాక తెలుగులో అత్యధికంగా చదివిన థ్రిల్లర్లలో ఒకటైంది. ఒక పసిపాపకు అంతుచిక్కని జబ్బు చేస్తుంది. దానికి చేతబడి కారణమా, వైద్యానికీ మనస్తత్వశాస్త్రానికీ అందే మరో కారణం ఉందా అన్నది నవలలోని ఉత్కంఠ. రచయిత రెండు వివరణలనూ చివరిదాకా పక్కపక్కనే నడిపించి, ఏది నిజమో తేల్చకుండా వదిలేశారు. పాఠకులు సరిగ్గా అక్కడే రెండుగా చీలారు. సైన్సునూ నమ్మకాన్నీ ఎదురెదురుగా నిలబెట్టి ఆలోచింపజేసిన నవల అని ఒక వర్గం, సైన్సు ముసుగులో మూఢనమ్మకాన్ని ఇంటింటికీ చేర్చిన నవల అని మరో వర్గం వాదించాయి. ఆ వాదన విమర్శ గ్రంథాల దాకా, న్యాయస్థానం దాకా వెళ్లింది.

నేపథ్యం

1960, 70 దశకాల్లో తెలుగు వారపత్రికల సీరియళ్లలో రచయిత్రులదే పైచేయి. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన వంటివారి ప్రేమకథలకూ కుటుంబగాథలకూ పాఠకులు వారం వారం ఎదురుచూసేవారు. ఉత్కంఠ కోరుకునేవారికి వేరే సాహిత్యం ఉండేది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు సృష్టించిన షాడో పాకెట్ పుస్తకాల్లో దొరికేవారు. వాటి చోటు రైల్వే స్టేషన్ బుక్‌స్టాలు, వీధి చివరి అద్దె పుస్తకాల షాపు. పెద్దలు చూడకుండా పాఠ్యపుస్తకంలో దాచుకుని చదివే పుస్తకాలుగానే వాటికి పేరు.

తులసిదళం ఈ రెండు రకాల పాఠకులనూ ఒకే పత్రిక దగ్గరికి చేర్చింది. భార్యాభర్తలు, ముద్దుల కూతురు, సొంత ఇల్లు, మంచి ఉద్యోగం అంటూ కుటుంబ నవలకు అలవాటైన వాతావరణంలోకి డిటెక్టివ్ నవల వేగం వచ్చింది. దానికి క్షుద్రవిద్య భయం తోడైంది. ఆ భయానికి వైద్యపరిభాషలో వివరణ వెతికే పాత్రలూ వచ్చాయి. అంతకుముందు దెయ్యాల కథలు లేక కాదు, కానీ ఆ కథల్లో డాక్టర్లకు ఇంత చోటు ఉండేది కాదు. ఈ సీరియల్‌తో ఆంధ్రభూమి ప్రచారం బాగా పెరిగిందన్నది పత్రికారంగంలో తరచూ వినిపించే మాట. అప్పటి సంపాదకుడు సికరాజు ఇలాంటి ప్రయోగాలకు పత్రికలో చోటిచ్చిన వ్యక్తిగా పేరు పొందారు.

రచయిత

యండమూరి 1948లో తూర్పు గోదావరి జిల్లా రాజోలులో జన్మించారు. చార్టర్డ్ అకౌంటెన్సీ చదివి, ఆర్థిక సంస్థలోనూ ఆంధ్రా బ్యాంకులోనూ ఉద్యోగం చేశారు. నవలలకు ముందే నాటక రచయితగా పేరుంది. 'రఘుపతి రాఘవ రాజారాం' ఆ రోజుల్లో విరివిగా ప్రదర్శించిన నాటకం. తర్వాత వచ్చిన 'అభిలాష', 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు' వంటి నవలలు సినిమాలయ్యాయి. ఇంకొన్నాళ్లకు 'విజయానికి ఐదు మెట్లు' పుస్తకంతో వ్యక్తిత్వ వికాస రచయితగా మరో పాఠకవర్గాన్ని సంపాదించుకున్నారు. అమ్ముడయ్యే నవల రాయడాన్ని తన వృత్తిగా ఆయన ఎన్నడూ దాచుకోలేదు. అభిమానులకు అది నిజాయితీగా కనిపిస్తే, విమర్శకులకు అదే ఆరోపణకు ఆధారమైంది.

కథ, నిర్మాణం

శ్రీధర్, శారద దంపతుల కూతురు తులసి. ఆ పాపకు దక్కబోయే ఆస్తి మీద కన్నేసినవాళ్లు ఆమెను అడ్డు తొలగించుకోవాలనుకుంటారు. బిస్తా అనే మారుమూల పల్లెకు చెందిన కాద్రా అనే మంత్రగాడు ఆ పనికి పూనుకుంటాడు. ఇక్కడి నుంచి నవల రెండు పట్టాల మీద నడుస్తుంది. ఒకవైపు క్షుద్రపూజ సాగుతుంటుంది. మరోవైపు పాప ఆరోగ్యం క్షీణిస్తుంటుంది. మొదటిది రెండోదానికి కారణమని ఏ పాత్రా నిరూపించలేదు, కాదని కొట్టిపారేయనూ లేదు.

నవల పట్టు ఉన్నది ఈ జంట నడకలోనే. ఒక అధ్యాయంలో శ్మశానం, ముగ్గు, మంత్రం కనిపిస్తే తర్వాతి అధ్యాయంలో ఆసుపత్రి, పరీక్షలు, హిప్నాటిజం తెలిసిన నిపుణుడి వాదన వస్తాయి. మంత్రగాడి అధ్యాయం చదివాక డాక్టర్ల మాట డొల్లగా తోస్తుంది. డాక్టర్ల అధ్యాయం చదివాక మంత్రగాడు అజ్ఞానిగా తోస్తాడు. వారానికొక విడత చొప్పున చదివిన పాఠకుడికి ఏడు రోజులపాటు ఒక అభిప్రాయం, ఎనిమిదో రోజున ఇంకో అభిప్రాయం. పతాక సన్నివేశంలోనూ రెండు ప్రయత్నాలు సమాంతరంగా సాగుతాయి. కొందరు మంత్రాన్ని మంత్రంతోనే ఎదుర్కోవాలని పరుగెడితే, మరికొందరు సైన్సు దారిలో పాపను కాపాడాలని చూస్తారు. పాప బతుకుతుంది. ఏ దారి బతికించిందన్నది పాఠకుడి ఎంపికకే మిగిలిపోతుంది.

నవలలోని సైన్సు

నవల ఆధారపడిన శాస్త్రభావనలు కొత్తవి కావు, కల్పితాలూ కావు. హిప్నాటిజం చరిత్ర 18వ శతాబ్దపు ఫ్రాంజ్ మెస్మర్‌తో మొదలవుతుంది. తనలోని 'జీవ అయస్కాంత శక్తి'తో రోగాలు నయం చేస్తానన్న ఆయన వాదాన్ని 1784లో ఫ్రెంచి రాజు నియమించిన సంఘం పరీక్షించింది. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజర్ సభ్యులు. రోగుల్లో కనిపించిన మార్పులు నిజమే గానీ వాటికి కారణం అయస్కాంతం కాదు, రోగి ఊహ అని సంఘం తేల్చింది. 1840లలో స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ ఈ ప్రక్రియకు హిప్నాటిజం అన్న పేరును ప్రచారంలోకి తెచ్చి, వైద్యచర్చలోకి లాక్కొచ్చాడు.

చేతబడి మరణాల మీద ఎక్కువగా ఉదహరించే పరిశోధన అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్‌ది. తనకు శాపం తగిలిందని గాఢంగా నమ్మిన మనిషి ఆ భయంతోనే చనిపోవచ్చని ఆయన 1942లో ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. తీవ్రమైన భయం ఎడతెగకుండా కొనసాగితే నాడీవ్యవస్థ, అడ్రినల్ గ్రంథులు అదుపు తప్పి రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుందన్నది ఆయన ఊహ. 1957లో కర్ట్ రిక్టర్ ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో మరో మార్గాన్ని సూచించాడు. తప్పించుకునే ఆశ లేని ఎలుక గుండె వేగం పెరిగి కాదు, మందగించి ఆగిపోతుందని ఆయన చూపించాడు. 1961లో వాల్టర్ కెనడీ 'నొసీబో' అనే మాటను తెచ్చాడు. మంచి జరుగుతుందన్న నమ్మకం ఉపశమనం ఇచ్చినట్టే, కీడు జరుగుతుందన్న నమ్మకం నిజంగా బాధను తెస్తుందన్నది దాని సారం.

సైన్సు తెలిసిన పాఠకుల అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఈ సిద్ధాంతాలన్నిటికీ ఒక షరతు ఉంది. తన మీద ప్రయోగం జరిగిందని బాధితుడికి తెలియాలి, అతను దాన్ని నమ్మాలి. ఏమీ తెలియని పసిపాప విషయంలో ఈ వివరణ ఎలా నిలుస్తుంది? హిప్నాటిజం కూడా ఎదుటి మనిషి సహకారం, ఏకాగ్రత ఉంటేనే పనిచేసే ప్రక్రియ తప్ప దూరం నుంచి ఎవరి మీద పడితే వారి మీద విసరగల శక్తి కాదు. కథలోని సైన్సు పక్షం ఇలా బలహీనంగా ఉండటంతో మంత్రపక్షం దానంతటదే బలపడుతోందని వీరి వాదన. నవలకు శాస్త్రగ్రంథం కొలతలు పెట్టకూడదని, డాక్టర్ పాత్రలు తప్పు వివరణ ఇవ్వడమూ కథలో భాగమేనని ఎదుటివారి జవాబు.

మెచ్చినవారి మాట

నవలను మెచ్చిన పాఠకులు చెప్పే మొదటి గుణం చదివించే శక్తి. అప్పటి తెలుగు సీరియళ్ల నిదాన గమనానికి ఇది పూర్తిగా భిన్నం. చిన్న వాక్యాలు, వెంటవెంటనే మారే దృశ్యాలు, విడత చివర ఒక కుదుపు. పుస్తకాలకు దూరంగా ఉన్న ఎందరో యువకులను ఈ నవల చదువరులుగా మార్చిందని, అక్కడి నుంచి వాళ్లు ఇతర సాహిత్యంలోకి నడిచారని ఈ వర్గం గుర్తుచేస్తుంది.

రెండో గుణం రచయిత నిష్పాక్షికత. ఆయన ఏ పక్షానా తీర్పు చెప్పలేదు. నమ్మేవారికి వారి సమాధానం దొరుకుతుంది, నమ్మనివారికి వారిది. పాఠకుణ్ణి పసివాడిలా చూసి చివరి పేజీలో నీతి చెప్పే నవలల మధ్య ఇది మర్యాదగల పద్ధతి అని వారి భావన.

మూడోది కొంచెం సూక్ష్మమైన వాదన. చేతబడి అనే మాట వింటేనే వణికే సమాజంలో ఆ భయానికి వైద్యపరమైన వివరణ ఉండొచ్చన్న ఊహనే ఈ నవల లక్షలాది ఇళ్లకు చేర్చింది. హేతువాద కరపత్రం ఎప్పటికీ అడుగుపెట్టని ఇళ్లలోకి హిప్నాటిజం, మానసిక వైద్యం అనే మాటలు ఈ సీరియల్ ద్వారానే వెళ్లాయి. నమ్మకం పూర్తిగా పోకపోయినా దాని పక్కన ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది కదా అని వారు అడుగుతారు.

కాదన్నవారి మాట

విమర్శకుల వాదనకు మూలం ఒక్కటే. రుజువున్న దానికీ రుజువు లేని దానికీ సమాన తూకం వేస్తే అది నిష్పాక్షికత కాదు, రుజువు లేని దానికి లాభం చేకూర్చడమే. తక్కెడలో ఒకవైపు శతాబ్దాల పరీక్షలకు నిలిచిన వైద్యం, ఇంకోవైపు ఎన్నడూ పరీక్షకు నిలవని మంత్రం ఉన్నప్పుడు ముల్లు మధ్యలో నిలబడిందని చెప్పడమే ఒక అభిప్రాయం అవుతుంది.

ఈ వాదన వెనుక తెలుగు నేలలో గట్టి హేతువాద సంప్రదాయం ఉంది. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం తర్వాత విజయవాడకు మారి మూఢనమ్మకాల మీద దశాబ్దాలపాటు పనిచేసింది. అతీంద్రియ శక్తులను మోసానికి తావులేని పరీక్షలో నిరూపించినవారికి లక్ష రూపాయలిస్తానని సవాలు విసిరిన అబ్రహాం కోవూర్ పేరు ఆంధ్ర హేతువాదులకు సుపరిచితం. 1978లో ఆయన మరణించేదాకా ఎవరూ ఆ సొమ్ము గెలవలేదు. ఈ పోరాటాల్లో పెరిగినవారికి, పరీక్షలో ఒక్కసారీ నెగ్గని విద్య నవలలో సగం విజేతగా నిలబడటం మింగుడుపడలేదు.

అంతకంటే బరువైన అభ్యంతరం పల్లెల నుంచి వచ్చింది. తెలంగాణలో, ముఖ్యంగా మెదక్ ప్రాంతంలో బాణామతి అనే చేతబడి భయం అప్పటికి పుస్తకాల్లోది కాదు. ఊళ్లో పశువు చచ్చినా, బిడ్డకు జ్వరం తగ్గకపోయినా అనుమానం ఒక ఇంటి మీద పడేది. ఆ ఇల్లు సాధారణంగా పేదవాళ్లదో, ఒంటరి ఆడమనిషిదో అయ్యేది. మంత్రం చదవలేకుండా చేయాలని పళ్లు ఊడగొట్టడం, చెట్టుకు కట్టి కొట్టడం, సజీవంగా తగలబెట్టడం దాకా పోయిన ఘటనలున్నాయి. 1980లలో ఈ భయం ప్రబలినప్పుడు నాస్తిక కేంద్రం కార్యకర్తలు, వైద్యులు ఊళ్లు తిరిగి బాధితుల లక్షణాలకు వైద్యకారణాలు చెప్పాల్సి వచ్చింది. నగరంలో కూర్చుని చదివే పాఠకుడికి కాద్రా ఒక వినోదం కావచ్చు. కాద్రా అని ఊరు ముద్రవేసిన మనిషికి అది ప్రాణం మీదికి వచ్చే విషయం. మారుమూల పల్లెవాణ్ణే మంత్రగాడిగా చూపడం మీద తర్వాతి తరం పాఠకులు లేవనెత్తిన ప్రశ్న కూడా ఇలాంటిదే.

ముందుమాట, పరువు నష్టం దావా

వివాదంలో అందరికంటే గట్టిగా వినిపించిన గొంతు రంగనాయకమ్మది. 'రామాయణ విషవృక్షం'తో తెలుగు సాహిత్యంలో పెద్ద చర్చ రేపిన ఈ మార్క్సిస్టు రచయిత్రి తులసిదళాన్నీ దానికి కొనసాగింపుగా వచ్చిన 'తులసి' నవలలోని కాష్మోరా కథనూ తీసుకుని ఏకంగా ఒక విమర్శ గ్రంథం రాశారు. నవల మూఢనమ్మకాలను పోషిస్తోందన్నది ఆమె ప్రధాన అభియోగం. తెలుగులో ఒక పాపులర్ నవల మీద పూర్తిస్థాయి విమర్శ గ్రంథం రావడమే అరుదు. పండిత విమర్శకులు ఇలాంటి నవలలను ఖండించడానికైనా ముట్టుకోని రోజులవి.

ఆమె విమర్శ నవల దగ్గర ఆగలేదు, దాని ముందుమాటను కూడా తాకింది. ఆ ముందుమాట రాసినది కొమ్మూరి వేణుగోపాలరావు. 'పెంకుటిల్లు', 'హౌస్ సర్జన్' నవలల రచయితగా ఆయనకు సాహిత్యంలో గౌరవం ఉంది. వృత్తిరీత్యా ఆయన వైద్యుడు. చేతబడి ప్రధానమైన నవలను ఒక డాక్టర్ పరిచయం చేయడం పాఠకుడి మీద ఎలాంటి ముద్ర వేస్తుందో విడమర్చి చెప్పనక్కర్లేదు. తన మీద చేసిన వ్యాఖ్యలు పరువుకు భంగకరమని వేణుగోపాలరావు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది.

కోర్టు తేల్చినది వ్యక్తి పరువుకు సంబంధించిన ప్రశ్న మాత్రమే. నవల మంచిదా చెడ్డదా అన్నది కోర్టు ముందున్న విషయం కాదు. అయినా పాఠకలోకంలో ఆ తీర్పును నవలకు దక్కిన గెలుపుగా చెప్పుకున్నవారు కొందరు, విమర్శ గొంతు నొక్కడంగా చూసినవారు ఇంకొందరు. అసలు విషయం మరొకటి బయటపడింది. ఈ తగాదాలో పాఠకులు కథను మాత్రమే తూచడం లేదు, కథకు హామీ ఎవరిస్తున్నారో కూడా చూస్తున్నారు. ముందుమాట కింద ఉన్న వైద్యుడి సంతకాన్ని నవలలోని భాగంగానే చదివారు.

శాస్త్రీయ దృక్పథం మీద దేశంలో చర్చ

తులసిదళం సీరియల్‌గా వచ్చిన కాలంలో దేశమంతటా ఇలాంటి చర్చే జరుగుతోంది. 1976 నాటి 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని చెప్పింది. 1981 జులైలో పి.ఎన్. హక్సర్, రాజా రామన్న, పి.ఎం. భార్గవ తదితరులు శాస్త్రీయ దృక్పథంపై ఒక ప్రకటన వెలువరించారు. భార్గవ హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వ్యవస్థాపక డైరెక్టర్. దేశంలో మూఢనమ్మకాలు వెనక్కి తగ్గకపోగా కొత్త బలం పుంజుకుంటున్నాయన్న ఆందోళన ఆ ప్రకటనలో కనిపిస్తుంది. సామాజిక చింతకుడు ఆశిష్ నంది దీనికి ఎదురు ప్రకటన రాశారు. సామాన్యుడి నమ్మకాలన్నిటినీ అజ్ఞానంగా తోసిపుచ్చే సైన్సు అహంకారాన్ని ఆయన ప్రశ్నించారు.

తులసిదళం పాఠకులు ఈ పత్రాలు చదివి వాదించుకోలేదు. కానీ టీ కొట్టు దగ్గర, హాస్టల్ గదుల్లో వారు వాదించుకున్నది ఈ ప్రశ్న మీదే. మంత్రాల పేరుతో మందులమ్మేవారి ప్రకటనలను అదుపు చేసే కేంద్ర చట్టం 1954 నుంచే ఉంది. చేతబడితో జబ్బు నయం చేస్తానని ప్రకటన ఇస్తే నేరం. చేతబడితో జబ్బు చేసిందని నవల రాస్తే కల్పన. ఈ రెంటి మధ్య గీత చట్టానికి స్పష్టంగానే కనిపిస్తుంది. పాఠకుడి మనసులో ఆ గీత ఎంత స్పష్టంగా ఉంటుందన్నదే తగాదా.

సాహిత్య విమర్శ ఏం చెబుతుంది

1970లో ఫ్రెంచి విమర్శకుడు త్వెతాన్ తొదొరోవ్ అద్భుత సాహిత్యం మీద రాసిన గ్రంథం ఈ చర్చకు బాగా పనికొస్తుంది. ఒక వింత సంఘటన ఎదురైనప్పుడు అది ప్రకృతి నియమాలకు లోబడినదా, వాటికి అతీతమా అని పాఠకుడు తటపటాయిస్తాడు. ఆ తటపటాయింపు ఉన్నంతసేపే ఆ ప్రక్రియ బతుకుతుందని ఆయన సిద్ధాంతం. తేల్చేస్తే కథ ఇటో అటో ఒరిగిపోతుంది. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అందులోని దెయ్యాలు నిజమా, కథ చెప్పే పంతులమ్మ భ్రమా అన్నది నేటికీ తేలలేదు.

ఈ కొలతతో చూస్తే తులసిదళం ముగింపు దాటవేత కాదు, ప్రక్రియ నియమం. అయితే జేమ్స్ కథకూ దీనికీ ఒక తేడా ఉంది. జేమ్స్ కథను చెప్పేది ఒక్క మనిషి. ఆమె చూపు తప్పు కావచ్చు కాబట్టి సందేహం సహజంగా పుడుతుంది. తులసిదళంలో కథ చెప్పేది అన్నీ తెలిసిన కథకుడు. శ్మశానంలో ఏం జరిగిందో, ఆసుపత్రిలో ఏం జరిగిందో స్వయంగా చూసి చెప్పే గొంతు అది. అన్నీ చూసిన కథకుడికి అసలు కారణం ఒక్కటే తెలియదా? రచయిత తీర్పును దాచారా, తప్పించుకున్నారా అన్న ప్రశ్న ఇక్కడి నుంచి వచ్చింది. మెచ్చినవారు దీన్ని నేర్పు అంటారు, మెచ్చనివారు గడుసుతనం అంటారు.

ఇతర భాషల్లో ఇలాంటి తగాదాలు

విలియం పీటర్ బ్లాటీ 1971లో రాసిన 'ది ఎగ్జార్సిస్ట్'తో తులసిదళాన్ని పోల్చడం పాఠకుల్లో మామూలే. అక్కడా బాధితురాలు చిన్నపిల్ల. అక్కడా తల్లి ముందు డాక్టర్లను, మానసిక వైద్యులను ఆశ్రయిస్తుంది. కానీ బ్లాటీ నవలలో వైద్యం ఓడిపోయి మతవిశ్వాసం రంగంలోకి దిగుతుంది. తీర్పు దాచిపెట్టలేదు. తులసిదళం అలా ఒరగకపోవడమే దాని ప్రత్యేకత.

రాబిన్ కుక్ 1977లో రాసిన 'కోమా'తో వైద్య థ్రిల్లర్లకు గిరాకీ వచ్చింది. కుక్ స్వయంగా వైద్యుడు కావడం పుస్తకం మీద నమ్మకం పెంచింది. డాన్ బ్రౌన్ 2000లో రాసిన 'ఏంజెల్స్ అండ్ డెమన్స్'లో సెర్న్ ప్రయోగశాల నుంచి ప్రతిపదార్థాన్ని దొంగిలించి బాంబుగా వాడతారు. పాఠకుల ప్రశ్నల తాకిడికి సెర్న్ సంస్థే జవాబులు ప్రచురించింది. బాంబుకు సరిపడా ప్రతిపదార్థం తయారుచేయడం ఇప్పటి యంత్రాలతో సాధ్యం కాదని వివరించింది.

అన్నిటికంటే తీవ్రమైనది మైకేల్ క్రైటన్ 2004లో ప్రచురించిన 'స్టేట్ ఆఫ్ ఫియర్' వివాదం. భూతాపం మీద భయాన్ని కావాలని పెంచుతున్నారన్న కథకు ఆయన గ్రాఫులు, అధోజ్ఞాపికలు, అనుబంధాలు జోడించాడు. వాతావరణ శాస్త్రవేత్తలు ఆ ఆధారాల వాడకాన్ని తప్పుపట్టారు. మరోవైపు 2005లో అమెరికా సెనేట్ కమిటీ ఒకటి ఆయన్ను పిలిపించుకుని వాంగ్మూలం వింది. 2006లో పెట్రోలియం భూగర్భ శాస్త్రజ్ఞుల సంఘం ఆ నవలకు పాత్రికేయ పురస్కారం ఇచ్చింది. నవలకు పాత్రికేయ పురస్కారం ఏమిటన్న విమర్శ సహజంగానే వచ్చింది.

క్రైటన్ నవలకు అధోజ్ఞాపికలు, కుక్ నవలకు రచయిత వృత్తి, తులసిదళానికి వైద్యుడి ముందుమాట. మూడు చోట్లా కల్పనకు బయట నుంచి ఒక శాస్త్ర హామీ వచ్చి చేరింది. మొదటిదీ మూడోదీ పెద్ద గొడవకు దారితీశాయి. మామూలు దెయ్యం కథ మీద ఇంత గొడవ ఎప్పుడూ జరగలేదు. అలాంటి కథ ఎవరి హామీనీ అడగదు, తనను నమ్మమనీ అడగదు.

సినిమాలు, కొనసాగింపులు

తులసిదళం ఆధారంగా కన్నడంలో 'తులసీదళ' 1985లో వచ్చింది. దర్శకుడు వేమగల్ జగన్నాథరావు. కొనసాగింపు నవల 'తులసి' ఆధారంగా 1986లో తెలుగులో 'కాష్మోరా' సినిమా వెలువడింది. నవలలో తటపటాయింపుగా ఉన్నది తెర మీద నిలవడం కష్టం. చేతబడిని బొమ్మగా చూపించాక అది జరగలేదని ప్రేక్షకుణ్ణి ఒప్పించడం సాధ్యం కాదు. అందుకే నవలను ఇష్టపడినవారిలో కూడా సినిమాలతో తృప్తిపడనివారు ఎక్కువ. రాంగోపాల్ వర్మ 2008లో హిందీలో తీసిన 'ఫూంక్' చూసిన తెలుగువారు దేవుణ్ణి నమ్మని తండ్రి, చేతబడికి గురైన కూతురు అన్న అమరికలో తులసిదళం ఛాయలు గుర్తుపట్టారు. 2016లో ఆర్.పి. పట్నాయక్ తీసిన 'తులసీదళం' పేరు మాత్రమే పంచుకుంది, కథ వేరు.

యండమూరి తర్వాతి నవలల్లో సైన్సు ఇంకా సూటిగా వచ్చింది. అంతరిక్షాన్ని నేపథ్యంగా తీసుకున్న 'చీకట్లో సూర్యుడు', భూమి అంతానికి ఎదురుచూసే మనుషుల కథ 'యుగాంతం', భవిష్యత్తులోకి చూసిన 'ఆనందోబ్రహ్మ' ఆ కోవలోవి. వీటి మీద అభిప్రాయభేదాలున్నా అవి శైలి గురించో, శాస్త్రవివరాల కచ్చితత్వం గురించో జరిగినవే. తులసిదళం రేపినంత వేడి వీటిలో దేనికీ రాలేదు. గ్రహాల కథలో తప్పు దొర్లితే నష్టపోయేది కథే. చేతబడి కథ మాత్రం పక్కింటి మనిషి మీద అనుమానంగా మారగలదు.

తర్వాతి తరం పాఠకులు

నవల ఇప్పటికీ దొరుకుతోంది. విజయవాడ నవసాహితి బుక్‌హౌస్ యండమూరి నవలలను పునర్ముద్రిస్తూ వస్తోంది. 1980లలో వారం వారం చదివినవారికీ ఇప్పుడు ఒకే ఊపున పుస్తకం ముగించేవారికీ అనుభవం ఒకటి కాదు. మొదటివారికి సందేహం నెలల తరబడి సాగింది. అభిప్రాయాలు మార్చుకోవడానికి, తోటివారితో పందెం కాయడానికి వ్యవధి దొరికింది. ఇప్పటివారికి ఆ వ్యవధి లేదు. రెండు పట్టాల నడక వారికి ఒక పద్ధతిగా త్వరగానే దొరికిపోతుంది. భయం తగ్గి, నిర్మాణం మీద దృష్టి పెరుగుతుంది. ఆడపాత్రల చిత్రణ, పల్లె మనుషుల చిత్రణ గురించి అప్పట్లో పెద్దగా అడగని ప్రశ్నలు ఇప్పుడు అడుగుతున్నారు.

ఒకే పాఠకుడు వయసుతో పాటు పక్షం మార్చిన సందర్భాలూ తక్కువ కాదు. పదహారేళ్లప్పుడు రాత్రంతా లైటు వేసుకుని చదివినవారే నలభైల్లో మళ్లీ తెరిచి, భయపెట్టిన పేజీ ఏదో వెతుక్కుంటారు. అప్పట్లో మూఢనమ్మకమని విసిరికొట్టినవారిలో కొందరు తిరిగి చదివి కథనశిల్పాన్ని ఒప్పుకుంటారు.

అంచనా

తులసిదళం మీద అభిప్రాయాలను నమ్మినవారు, నమ్మనివారు అని రెండు ముక్కలు చేయడం సరిపోదు. చేతబడిని ఏమాత్రం నమ్మని పాఠకులు నవలను ఇష్టపడ్డారు. దైవభక్తి గల పాఠకులు క్షుద్రపూజల వర్ణన గిట్టక దూరం పెట్టారు. అసలు చీలిక మరోచోట ఉంది. కల్పన సైన్సు భాషను అరువు తెచ్చుకుంటే దానితో పాటు సైన్సు బాధ్యత కూడా తెచ్చుకున్నట్టేనా అన్నది అసలు ప్రశ్న. అవునన్నవారు నవలను లెక్క అడిగారు, కాదన్నవారు దాన్ని కథగా వదిలేశారు. రుజువు చూపాల్సిన భారం ఎవరిదన్న సూత్రం సైన్సులో స్పష్టం: ఉందన్నవాడిదే. నవల ఆ భారాన్ని పాఠకుడి మీదికి మార్చింది. అందుకే అది థ్రిల్లర్‌గా గెలిచింది, అందుకే హేతువాదుల కోర్టులో ఓడింది. ఈ రెండు ఫలితాలకూ కారణం ఒకే ముగింపు కాబట్టి, ఒక పక్షం చెప్పినది ఒప్పుకుంటే రెండో పక్షం చెప్పినది అబద్ధమైపోదు.